దోషమును కొలుచు విద్య

మన ఊళ్ళలో వడ్రంగి క్రొత్త మూలమట్టమును కొనునప్పుడు చేయు పరీక్ష యొకటి కలదు. తిన్నని పలక అంచునకు మట్టమును ఆనించి ఒక గీత గీయును. పిదప మట్టమును తిరుగవేసి, అదే అంచునకు ఆనించి, అదే చుక్కనుండి మరియొక గీత గీయును. రెండు గీతలును ఒక్కటైనచో మట్టము మంచిది. విడిపోయినచో, ఆ ఎడములో సగము మట్టముయొక్క దోషము. తాపీమేస్త్రి రసమట్టమును అటునిటు త్రిప్పి చూచుటయు ఇట్టిదే. వీరియొద్ద సరిపోల్చుటకు ఇంతకంటె మేలైన మట్టము మరియొకటి లేదు. చెడ్డ మట్టముచేతనే దాని చెడుగును చెప్పించుచున్నారు.

లోహమును తొలిచి యంత్రభాగములను తయారుచేయు పెద్ద యంత్రములను సరిదిద్దు విద్యకు మూలము ఈ వడ్రంగి ఉపాయములోనే ఉన్నది. ఆ విద్య చరిత్రను గూర్చి వ్రాయవలెనని నాకు చాలకాలముగా కోరిక. కారణము పుస్తకములు కావు. మా ఇంటిలో జరిగిన ఒక సంగతి.

మేము కాపురముండునది భాలుబాసా. పేరునుబట్టి చూచినచో ఒకప్పుడు ఎలుగుబంట్ల నివాసమై యుండవలెను; నేడు ఇరుకు వీధుల పేట. ఈ నగరమున 1912లో మొదటి ఉక్కు కరగి వచ్చినది. సాక్చి అను పల్లెకు 1919లో జంషెడ్‌పూరు అను పేరు వచ్చినది. 1945లో రైలింజనుల కర్మాగారమును, 1950లో జాతీయ లోహశోధనాలయమును వెలసినవి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మనవారు ఎందరో ఈ కొలుముల వెలుగును చూచి వచ్చి, ఫిట్టర్లుగా, టర్నర్లుగా, గుమాస్తాలుగా ఇక్కడనే స్థిరపడిరి. మా మేనమామ ఫిట్టరు. నేను కొలతసాధనములతో పనిచేసి రిటైరైనవాడను. మా అక్క కుమారుడు ఖర్కాయి నది కావలి ఒడ్డున, ఆదిత్యపురము పారిశ్రామికవాడలో, ఒక చిన్న వర్క్‌షాపున పనిచేయుచున్నాడు. అతడు నడుపునది మూడు దిక్కులకు జరుగుచు, బల్లను రెండు విధములుగా త్రిప్పు కంప్యూటరు యంత్రము.

ఒక మే నెలలో రాత్రి అతడు మొగము వ్రేలవేసుకొని వచ్చెను. "మామయ్యా, డిసెంబర్లో ఇదే ప్రోగ్రాంతో చేసిన మూతలన్నీ పాసయ్యాయి. ఇప్పుడు మొత్తం లాటు తిప్పి పంపేశారు. రంధ్రాల దూరం తక్కువొచ్చిందట. నేనేమీ మార్చలేదు. జీతంలోంచి పట్టుకుంటానంటున్నాడు యజమాని" అనెను. యంత్రము తప్పు చేయదని ఆ యజమాని నమ్మకము. కాబట్టి తప్పు పిల్లవానిదే కావలెను.

యంత్రము తప్పు చేయదను ఈ నమ్మకము యంత్రములను నిర్మించినవారికి ఏనాడును లేదు.

లండనులో హెన్రీ మాడ్‌స్లే అను పనివాడు 1800 ప్రాంతమున మరలు కోయు లేతు యంత్రమును తీర్చిదిద్దెను. తన కార్ఖానాలో ప్రతివాని పనిబల్లమీదను ఒక సమతల ఫలకము ఉండవలెనని అతని నియమము. అతడు తనకై చేసికొన్న మైక్రోమీటరునకు 'లార్డు ఛాన్సలర్' అని పేరు పెట్టెను. దాని తీర్పుమీద అప్పీలు లేదని భావము. ఆ కార్ఖానాలో పనిచేసినవారిలో జోసెఫ్ విట్‌వర్తు ఒకడు. ఇతడు 1840లో గ్లాస్గో నగరమున జరిగిన విద్వత్సభలో, నిజమైన సమతలమును ఎట్లు సాధింపవలెనో తెలుపు వ్యాసమును చదివెను.

ఆ పద్ధతిని కొంచెము నిదానముగా చెప్పెదను, ఏలనన తరువాతి కథయంతయు దానిమీదనే నిలిచినది. రెండు ఇనుప పలకలను ఒకదానిపై ఒకటి రుద్ది కలిపినచో రెండును చక్కగా అతుకుకొనును. కాని ఒకటి ఉబ్బుగాను, రెండవది అంతే గుంటగాను ఉన్నను అతుకుకొనును గదా! పెసరపప్పు బద్దల మధ్యనున్న పొందిక అట్టిదే. ఆ పొందిక సమతలమునకు సాక్ష్యము కాదు. కాబట్టి మూడు పలకలు కావలెను. మొదటిదానితో రెండవదానిని, మొదటిదానితో మూడవదానిని సరిపెట్టి, పిదప రెండవ మూడవ పలకలను ఒకదానితో ఒకటి పరీక్షింపవలెను. మొదటిది ఉబ్బైనచో మిగిలిన రెండును గుంటలే. రెండు గుంటలు అతుకవు. దోషము బయటపడును. మూడును ఏ జతగా చూచినను అతుకునంతవరకు గీకుచు పోయినచో, ఉబ్బునకును గుంటకును చోటు లేదు. మెలిదిరిగిన తలము మాత్రము ఈ పరీక్షను కూడ మోసగింపగలదు. అందుచే పలకను పావు చుట్టు త్రిప్పి మరల చూతురు.

గీకుట అనగా స్క్రేపరు అను ఉలివంటి పనిముట్టుతో ఎత్తుగా నున్న చోటులను రవ్వరవ్వగా తీయుట. ఒక పలకకు పలుచగా నీలిరంగు పూసి రెండవదానిపై ఆనించినచో, ఎత్తుగానున్న చోటులకే రంగు అంటును. అంటినచోట గీకి, మరల రంగు పూసి, మరల ఆనింతురు. దినములు గడచును. మా మేనమామ ఈ పనియందు నేర్పరి. ఆయన చేతుల గీతలలోని నీలిరంగు పండుగనాడు కూడ పోయెడిది కాదు. ఆయన విట్‌వర్తు పేరు విని యుండడు. ఆ విద్య మాత్రము గురుశిష్య పరంపరగా ఆయన చేతికి వచ్చినది.

తలము సిద్ధించిన పిదప యంత్రము. ఒక రైలుపెట్టె టాటానగరు స్టేషనునుండి బయలుదేరినదనుకొనుడు. అది పోవలసిన చోటికి ఒక అడుగు ముందో వెనుకో ఆగవచ్చును. పోవుచు కుడియెడమలకు తొలగవచ్చును. పైకి క్రిందికి లేచిపడవచ్చును. ఇవి మూడు. ప్రక్కకు ఒరగవచ్చును, ముందునకు వంగి వెనుకకు లేవవచ్చును, ముక్కు ప్రక్కకు త్రిప్పవచ్చును. ఇవి మరి మూడు. పట్టాలమీద కదలు ప్రతి వస్తువునకును ఈ ఆరు దోషములు తప్పవు. యంత్రమున పట్టాలు మూడు: పొడవునకు, వెడల్పునకు, ఎత్తునకు. మూడారులు పదునెనిమిది. ఈ పట్టాలు ఒకదానికొకటి మూలమట్టముగా ఉండవలెను. జతలు మూడు గనుక దోషములును మూడు. వెరసి 21. బల్లను త్రిప్పు అక్షములు చేరినచో ఒక్కొక్కదానికి తిరుగుటలో ఆరును, అది ఉండవలసిన చోట, ఉండవలసిన వాలులో లేకుండుటవలన నాలుగును కలిసి పది. మా మేనల్లుని యంత్రము వంటిదానికి ఈ లెక్కప్రకారము 41.

వీనిలో కోణదోషములు మాయావులు. జర్మనీ దేశపు శాస్త్రవేత్త ఎర్న్‌స్టు ఆబే 1890లో ఒక సూత్రము చెప్పెను: కొలుచు గీతయు కొలువబడు గీతయు ఒకే రేఖమీద ఉండవలెను. వేరైనచో, స్వల్పమైన వంపు కూడ దూరముచే గుణింపబడి పొడవులో తప్పుగా తేలును. జాతకములు వేయువారు వాడు 'వికల'యే ఇక్కడను కొలమానము. డిగ్రీలో 3600వ భాగము. అయిదు వికలల వంపు, కొలబద్దకును పనిముట్టునకును 300 మిల్లీమీటర్ల ఎడము ఉన్నచో, ఏడు మైక్రానుల తప్పు. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

ఈ దోషములను వరుసగా పట్టిక వేసి, ఒక్కొక్కదానిని ఎట్లు పరీక్షింపవలెనో, ఎంతవరకు ఓర్వవచ్చునో గ్రంథస్థము చేసినవాడు బెర్లినులో యంత్రనిర్మాణాచార్యుడుగా ఉండిన గియోర్గ్ ష్లెసింగర్. అతని పరీక్షా గ్రంథము 1927లో వెలువడినది. అంతకు మున్ను యంత్రమును అమ్మువాని మాటయే ప్రమాణము. అటుపైన కొనువాడు డయలు గేజీని చేతబట్టి నిలదీయు హక్కు వచ్చినది. ష్లెసింగరు యూదుడు. నాజీలు అధికారమునకు వచ్చిన 1933లో ఆయనను నిర్బంధించిరి. విడుదలయై దేశము విడిచి, తుదకు ఇంగ్లండు చేరి, అక్కడనే 1949లో మరణించెను. ఆయనను వెళ్ళగొట్టిన దేశములో సైతము కర్మాగారములు ఆయన పట్టికలతోనే యంత్రములను పరీక్షించుకొనుచుండెను. తరువాతి అంతర్జాతీయ ప్రమాణములు ఆ పట్టికల సంతతియే. ఈ చరిత్రలో నాకు మిక్కిలి మనసు నొచ్చు పుట ఇదియే.

అంతవరకు దోషమునకు మందు ఒక్కటే: గీకుట. అయితే జెనీవా నగరమున సూక్ష్మయంత్రములను చేయువారు మరియొక దారి త్రొక్కిరి. యంత్రమును జరుపు పొడవైన మరలో ఎచ్చట ఎంత తప్పున్నదో ముందుగా కొలిచి, ఆ తప్పునకు ఎదురైన ఆకారముగల ఒక పట్టెను కోసి యంత్రమునకు తగిలించిరి. ఒక చిన్న మీట ఆ పట్టె అంచున ప్రాకుచు, మర తప్పినచోట అంతే దిద్దును. దోషమును తొలగింపలేదు, దోషమును ఎరిగి, దానికి తగినట్లు నడచుకొనుట నేర్పిరి. ఇది సామాన్యమైన మార్పు కాదు. గీకువాడు దోషమునకు శత్రువు. కొలుచువాడు దోషమునకు లేఖకుడు.

1952లో అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున అంకెలచే నడుపబడు మూడు అక్షముల యంత్రమును ప్రదర్శించిరి. యంత్రమునకు అంకెలు అర్థమైనచో ఇనుప పట్టె అక్కరలేదు. దిద్దుబాటును కూడ అంకెలుగానే చెప్పవచ్చును. కాని అంకెలు చెప్పుటకు ముందు దోషమును కొలువవలెను గదా. 1960లో మీటరు పొడవును క్రిప్టాను వాయువు వెలుగు తరంగములతో నిర్వచించిరి. 1983లో కాంతి వేగముతో. 1970 ప్రాంతమునుండి లేసరు వెలుగుతో పొడవును కొలుచు సాధనములు యంత్రశాలలకు అమ్మకమునకు వచ్చినవి. కదలు బల్లమీద ఒక అద్దమును నిలిపి, తిరిగివచ్చు కాంతి తరంగములను లెక్కించిన చాలును, బల్ల ఎంత జరిగినదో తెలియును. 1970లలో అమెరికా ప్రమాణసంస్థయందు, కొలత యంత్రముయొక్క 21 దోషములను పట్టికగా కంప్యూటరునకు ఇచ్చి, ప్రతి కొలతను లెక్కతో దిద్దు పద్ధతిని నెలకొల్పిరి. 1982లో లివర్‌మోరు ప్రయోగశాలకు చెందిన జేమ్సు బ్రయను ఒక తేలికయైన సాధనమును వివరించెను: రెండు చివరల గోళములు గల కడ్డీ. ఒక గోళము బల్లమీద నిలుచును, రెండవది యంత్రపు కుదురునకు అంటియుండి చుట్టు తిరుగును. కడ్డీ పొడవు మారకుండిన చుట్టు గుండ్రన. మూలమట్టము తప్పినచో అది కోడిగ్రుడ్డువలె ఏటవాలుగా సాగును. ఒక్క చుట్టు చూచి యంత్రపు జబ్బు చెప్పగలుగుట నాడి చూచి రోగము చెప్పుటవంటిది.

మన దేశమున ఈ విద్య ఆలస్యముగానే వచ్చినది. సికిందరాబాదులో 1943లో ప్రాగా టూల్సు సంస్థ ఏర్పడినది. 1953లో బెంగుళూరున హిందుస్థాన్ మెషీన్ టూల్సు సంస్థ స్విట్జర్లాండు వారి సహకారముతో పుట్టినది. దాని హైదరాబాదు శాఖ 1965లో వచ్చినది. 1962లో బెంగుళూరున యంత్రపరికరముల పరిశోధనకు కేంద్రసంస్థ యొకటి ఏర్పడినది. హైదరాబాదు బాలానగరమున 1968లో కేంద్ర టూల్ డిజైను సంస్థ వెలసినది. మన జంషెడ్‌పూరు చెంత గమ్హరియాలో డెన్మార్కు సహాయముతో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన ఇండో-డేనిష్ టూల్ రూము కలదు. ఇచ్చటి పిల్లలు పెక్కుమంది పనిముట్ల విద్యను అభ్యసించునది అందులోనే.

ఇక మా మేనల్లుని మూతల సంగతి. అవి అల్యూమినియము మూతలు. రెండు రంధ్రముల నడుమ 500 మిల్లీమీటర్లు ఉండవలెను. ఓర్పు 50 మైక్రానులు మాత్రమే. నేను అడిగిన మొదటి ప్రశ్న: "మీ షెడ్డులో వేడెంత?" గోడనున్న ఉష్ణమాపకము 38 డిగ్రీలు చూపుచున్నదట. కొనువారు పరీక్షించునది చల్లని గదిలో, 20 డిగ్రీలవద్ద. పొడవునకు సంబంధించిన సకల కొలతలకును 20 డిగ్రీలే ప్రమాణమని 1931లో అంతర్జాతీయముగా నిర్ణయించిరి. అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1951లో వెలువరించిన మొట్టమొదటి పత్రమే ఇది.

ఉక్కు ఒక్కొక్క డిగ్రీకి మీటరునకు 11.5 మైక్రానులు పెరుగును. అల్యూమినియము దాదాపు 23. యంత్రపు కొలబద్ద ఉక్కుది. 18 డిగ్రీల హెచ్చునకు అర మీటరు పొడవున ఉక్కు 103 మైక్రానులు పెరిగినది; అల్యూమినియము 207. పెరిగిన కొలబద్దతో కొలిచి రంధ్రములు వేసిన మూత, చల్లని గదిలోనికి పోయి తన వంతు అంతయు ముడుచుకొన్నచో, 103 మైక్రానులు పొట్టి. డిసెంబరులో షెడ్డు వేడి ఇరువదికి దగ్గరగనే యుండెను గనుక చిక్కు లేదు. పిల్లవాడేమియు మార్చలేదన్న మాట నిజమే. ఋతువు మార్చినది.

నేను లెక్కను కాగితముమీద వేసి ఇచ్చితిని. మరునాడు అతడు యజమానికి చూపెను. వేడికి తగిన దిద్దుబాటును ప్రోగ్రామునకు చేర్చిరి. జీతము కోత ఆగినది. కాని వారములోనే మరల వచ్చెను. పొడవు సరిపోయినది, కర్ణములు సరిపోలేదు. ఇల్లు కట్టు మేస్త్రి పునాది త్రవ్వునప్పుడు ఈ మూలనుండి ఆ మూలకు రెండు త్రాళ్ళు పట్టి చూచును. రెండును సమానమైనచో గది మూలమట్టముగా నున్నట్లు. మూతలోని నాలుగు రంధ్రములు 500కు 400 దీర్ఘచతురస్రము. వాని కర్ణములు రెండింటికిని 30 మైక్రానుల తేడా వచ్చుచున్నది. లెక్క వేసినచో యంత్రపు రెండు పట్టాలు ఒకదానికొకటి పది వికలలు వాలియున్నట్లు తేలినది. వడ్రంగి చేసినట్లే మూతను త్రిప్పి మరల కొలిచితిమి; పొడుగు కర్ణము మూతతోనే తిరిగినది, కొలిచిన సాధనముతో నిలువలేదు. తప్పు కొలిచినదానిది కాదు, మూతను చేసిన యంత్రముదే.

సేవాకంపెనీవారు గోళముల కడ్డీని తెచ్చి చూచి, పది వికలల దిద్దుబాటును యంత్రపు లెక్కలపట్టికలో వ్రాసిపోయిరి. రెండు దినములు బాగుండెను. మూడవనాడు పట్టిక చెప్పినదానికంటె వేరుగా వచ్చెను, నాలుగవనాడు ఇంకొకవిధముగా. ఇచ్చట ఈ విద్యయొక్క ఎల్ల ఉన్నది. మా ఇంటి గోడగడియారము దినమునకు అయిదు నిముసములు ముందు పోవును. దానితో మాకు ఏ ఇబ్బందియు లేదు, తీసివేసి చదువుకొందుము. ఒకనాడు ముందును మరునాడు వెనుకయు పోవు గడియారముతో ఏమి చేయగలము? లెక్కపట్టిక దిద్దగలిగినది మరల మరల అదేవిధముగా వచ్చు దోషమును మాత్రమే. పట్టాలమీద బల్లను బిగించి పట్టు చీలిక అరిగి వదులైనచో, బల్ల ఎటు తిరుగవలెనో నూనెకును బరువునకును చిత్తము.

అప్పుడు కావలసినవాడు లేఖకుడు కాడు, శత్రువే. నీలిరంగు పూసి గీకగలిగిన ఫిట్టరు. ఆదిత్యపురములో విచారింపగా, ఆ పని చేయుదుమన్న యువకులు దొరకలేదు. అందరును ప్రోగ్రాము వ్రాయగలరు. మా మేనమామ గతించి చాల ఏండ్లైనది. తుదకు మా వీధి చివర కాపురమున్న, రిటైరై ఎనుబది దాటిన తెలుగు ఫిట్టరుగారినే బ్రతిమాలితిమి. ఆయన మొదట నవ్వి, "నా కళ్ళు పోయాయి నాయనా, ఇంకా ఆ చీలికేం కనబడుతుంది నాకు?" అనెను. పిదప తన పెట్టెను తెరచి, గుడ్డలో చుట్టిన స్క్రేపరును తీసి, మా మేనల్లుని చేతిలో పెట్టెను. "నువ్వు గీకు. నేను వేలితో చూసి చెబుతా" అనెను.

ఆటోలో ఆయనను ఖర్కాయి దాటించి తీసికొనిపోయితిమి. ఆ చీలికకు మూడు దినములు పట్టినది. మొదటినాడు రంగు అంచులకే అంటెను, రెండవనాడు అక్కడక్కడ, మూడవనాటి సాయంకాలమునకు చుక్కలు చుక్కలుగా అంతటను. ఆయన ముసలి వ్రేలిని దానిమీద పోనిచ్చి, ఒకచోట ఆపి, "ఇక్కడ" అనెను. గేజీతో చూడగా అక్కడ నాలుగు మైక్రానులు ఎత్తు. ఆ నాలుగును తీసిన పిదప కడ్డీతో మరల కొలిచి, పట్టికలో క్రొత్త అంకెలు వ్రాసిరి. అటుపైన యంత్రము తప్పుచున్నది గాని, ప్రతిదినము ఒకే తప్పు తప్పుచున్నది.

మా మేనల్లుడు ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టినాడు. ప్రతి నెల మొదటి సోమవారము షెడ్డు వేడి, కర్ణముల తేడా, చీలిక బిగింపు అందులో ఎక్కించును. ఆదివారములలో భాలుబాసాలో ఆ పెద్దాయన అరుగుమీద కూర్చుండి, మూడు చిన్న ఇనుప పలకలను గీకుచున్నాడు. మూడవ పలక రెండవదానితో ఇంకను అతుకలేదు.